ఆగిన గడియారాలు... ఆగి విన్న ప్రభువు

అమీర్‌పేటలో ఎవరినైనా దారి అడిగి చూడండి. ఇంటి నంబరు ఎవరూ చెప్పరు. "మైత్రీవనం ఎదురుగా", "సత్యం థియేటర్ పక్క సందు", "పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగగానే", "నిమ్స్ గేటుకు ఇవతల" అంటారు. ఆ సత్యం థియేటర్ ఇప్పుడు లేదు. దాని స్థానంలో 2023లో కొత్త మల్టీప్లెక్స్ వచ్చింది. అయినా ఆటో అతనికి పాత పేరు చెబితేనే తొందరగా అర్థమవుతుంది. నగరంలో మనుషులు గుర్తుల మీద ఆధారపడి బతుకుతారు.

మొన్న వేసవిలో వీబీఎస్ ముగిశాక మా సండేస్కూలు పిల్లలకు ఒక పోటీ పెట్టాం. ఒక రోజంతా నగరం తిరిగి బహిరంగ గడియారాలను వెతకాలి. దారిన పోయే ఎవరికైనా కనిపించే గడియారమైతేనే లెక్క. సెల్‌ఫోను, చేతి గడియారం లెక్కలోకి రావు. ప్రతి దాని దగ్గరా నోటుపుస్తకంలో మూడు సంగతులు రాసుకోవాలి: ఎక్కడుంది, ఎప్పటిది, నడుస్తోందా ఆగిందా. ఎక్కువ రాసినవారికి బహుమానంగా ఒక బైబిలు.

ఈ పోటీ పిల్లల కోసమని అనుకున్నాం. ప్రభువు దానిని మా కోసం ఏర్పాటు చేశాడని సాయంత్రానికి గాని తెలియలేదు.

గోపురాల మీద గడియారాలు

అమీర్‌పేటలో మెట్రో ఎక్కాం. 2017 నవంబరులో ఈ స్టేషన్ ప్రారంభమైంది. ఇప్పుడు రెండు లైన్లు ఇక్కడే కలుస్తాయి. పంజాగుట్ట, ఖైరతాబాద్, నాంపల్లి మీదుగా వెళ్లి గాంధీభవన్‌లో దిగి, ముందుగా మొజంజాహీ మార్కెట్ చేరాం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1935లో కట్టించి, తన రెండవ కుమారుడు మొజంజా పేరు పెట్టిన రాతి కట్టడమిది. చాలాకాలం పాడుబడినట్టున్న దీనిని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. గోపురం మీది గడియారం చూసి పిల్లలు మొదటి పేజీ నింపారు.

అక్కడి నుంచి చార్మినార్. 1591లో కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడానికి నాలుగు వైపులా నాలుగు గడియారాలున్నాయి. అవి అమర్చింది 1889లో. అంటే దాదాపు 300 సంవత్సరాలు చార్మినార్ గడియారం లేకుండానే నిలబడింది! దగ్గరలోనే మహబూబ్ చౌక్ గడియార స్తంభం ఉంది. ప్రధానమంత్రిగా ఉన్న పాయెగా నవాబు ఆస్మాన్ జా దానిని 1892లో కట్టించి ఆరవ నిజాం పేరు పెట్టాడు. మరికొంత దూరంలో చౌమహల్లా ప్యాలెస్ ద్వారం మీద ఖిల్వత్ గడియారం. గడియారాలు బాగుచేసే ఒక కుటుంబం వారు వారానికొకసారి కీ ఇస్తే తప్ప అది నడవదు. "మనం ఆదివారం చర్చికి వెళ్లినట్టే" అన్నాడొక కుర్రవాడు. ఎంత చక్కటి మాట! ఏడు రోజులకు సరిపడా కీ ఇస్తేనే గడియారం నడుస్తుంది. ఆరాధన మానిన విశ్వాసి నాలుగు రోజులు పాత బలంతో నడిచి, ఐదవ రోజు ఎక్కడో ఆగిపోతాడు. తాను ఆగిన సంగతి కూడా అతనికి తెలియదు.

తిరిగి ఎం.జి.బి.ఎస్. నుంచి గ్రీన్‌లైన్‌లో పరేడ్ గ్రౌండ్ చేరాం. అక్కడి నుంచి సికింద్రాబాద్ క్లాక్‌టవర్. 120 అడుగుల ఈ స్తంభాన్ని 1897 ఫిబ్రవరి 1న అప్పటి బ్రిటిషు రెసిడెంటు ప్లౌడెన్ ప్రారంభించాడు. గడియారాన్ని దానమిచ్చింది మాత్రం మన వ్యాపారి, దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్. గడియారం కొనుక్కోలేని కూలివానికి కూడా సమయం తెలియాలని ఆ రోజుల్లో ఇలా వీధి మధ్యలో గడియారాలు నిలబెట్టారు. ఇప్పుడు ప్రతివాని జేబులోనూ సమయముంది. కాని ఎవరి దగ్గరా సమయం లేదు! "క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు.

పిల్లల పుస్తకాల్లో మూడవ గడిలో కొన్నిచోట్ల 'నడుస్తోంది' అని, కొన్నిచోట్ల 'ఆగింది' అని ఉంది. ఏది ఆగిందో ఇక్కడ రాయడం లేదు. మీరు చూసేనాటికి ఎవరైనా బాగుచేసి ఉండవచ్చు.

ఆహాజు మెట్లు

భోజనాల దగ్గర పిల్లలు అడిగారు, బైబిల్లో గడియారం ఉందా అని. ఉంది. యూదా రాజు ఆహాజు కట్టించిన ఎండ గడియారం. దాని మీద నీడ దిగేకొద్దీ పొద్దు తెలిసేది. ఆహాజు కుమారుడు హిజ్కియా మరణకరమైన రోగంతో మంచం పట్టాడు. ఇల్లు చక్కబెట్టుకొమ్మని, బతకడని యెషయా ప్రవక్త వచ్చి చెప్పాడు. రాజు గోడ వైపు తిరిగి ఏడ్చాడు. దేవుడు ఆ కన్నీళ్లు చూసి మరి 15 సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. గుర్తుగా ఆ గడియారం మీద నీడను పది మెట్లు వెనక్కి నడిపించాడు (2 రాజులు 20, యెషయా 38).

సాధారణంగా మన ప్రసంగాలు ఇక్కడే ఆగిపోతాయి. కథ ఆగలేదు. ఆ 15 సంవత్సరాల్లో హిజ్కియా ఏం చేశాడు? బబులోను నుంచి రాయబారులు వస్తే తన ఖజానా అంతా తెరిచి గొప్పగా చూపించాడు. ఆ సంపద, ఆ సంతానం ఒకనాడు బబులోనుకు చెరగా పోతాయని ప్రవక్త చెబితే, తన రోజుల్లో సమాధానముంటే చాలన్నట్టు మాట్లాడాడు. గ్రంథం ఇచ్చే లెక్క ప్రకారం అతని తరువాత 12 ఏళ్ల వయసులో సింహాసనమెక్కిన మనష్షే పుట్టింది కూడా ఆ పొడిగించిన కాలంలోనే. ఆ మనష్షే యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపాడు.

దీని భావమేమిటి? సమయం దొరకడమే ఆశీర్వాదం కాదు. దొరికిన సమయంలో ఎవరిని చూస్తున్నామన్నది ప్రశ్న. హిజ్కియా తన రోజులనే చూసుకున్నాడు. తన తరువాతి వారి రోజులు అతనికి కనిపించలేదు.

మరొక సంవత్సరం

ఉదయం రైలు పంజాగుట్ట దాటుతున్నప్పుడు మాలో ఒక పెద్దాయన కిటికీలోంచి ఫ్లైఓవర్ చూపించి పిల్లలకు ఒక సంగతి చెప్పారు. 2007 సెప్టెంబరు 9, ఆదివారం. నిర్మాణంలో ఉన్న ఈ ఫ్లైఓవర్‌లో ఒక భాగం కూలి కింద వెళ్తున్నవారి మీద పడింది. ఇళ్లకు వెళ్తున్నవారు, ఏమీ ఎరుగనివారు ప్రాణాలు కోల్పోయారు. "వాళ్లేం తప్పు చేశారు?" అని ఒక పాప అడిగింది. పెద్దాయన జవాబు చెప్పలేక మా వైపు చూశారు.

ఈ ప్రశ్నను యేసుప్రభువు కూడా విన్నాడు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారికంటె పాపులని ఎంచవద్దని ఆయన స్పష్టంగా చెప్పాడు (లూకా 13). చనిపోయినవారి మీద తీర్పు చెప్పనివ్వలేదు. బతికినవారిని మారుమనస్సుకు పిలిచాడు. వెంటనే ఒక ఉపమానం చెప్పాడు. మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమని యజమాని అంటాడు. తోటమాలి అడ్డుపడి, ఈ ఒక్క ఏడు ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని బతిమాలుతాడు.

మనమంతా ఆ 'ఒక్క ఏడు'లో ఉన్నాం. మనకు గడువు రావడానికి మన మంచితనం కారణం కాదు. ఒక తోటమాలి మన పక్షాన వేడుకున్నాడు. ఆ గడువులో ఫలించాలని ఆయన ఎదురుచూస్తున్నాడు.

మూడుసార్లు చూసిన గడియారం

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

అమీర్‌పేటలో హాస్టళ్లు ఎన్నో పాఠకులకు తెలియనిది కాదు. జిల్లాల నుంచి పిల్లలు వస్తారు. ఒక చిన్న గదిలో మూడు నాలుగు మంచాలు, గోడకు ఒక స్టాండు, కింద మెస్సు. కరపత్రాల మీద కోర్సు పేరు, పక్కనే బ్యాచ్ సమయం. వారికి కాలమంటే బ్యాచ్. ఒక బ్యాచ్ అయ్యాక మరొక బ్యాచ్, ఒక ఇంటర్వ్యూ అయ్యాక మరొక ఇంటర్వ్యూ.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అలాంటి ఒక యువకుడు వచ్చి నిలబడ్డాడు. "అయ్యగారూ, రెండు నిమిషాలు మాట్లాడాలి" అన్నాడు. రెండు కోర్సులు పూర్తయ్యాయట. ఉద్యోగం రాలేదు. నాన్న ఎకరం పొలం తాకట్టు పెట్టి పంపాడట. ఉద్యోగం వచ్చిందని ఇంట్లో అబద్ధం చెప్పాడట. నెలనెలా జీతం పంపలేదేమని అమ్మ అడుగుతోందట. అతను చెబుతూనే ఉన్నాడు. మాకు 12:30కి ఒక విశ్వాసి ఇంట్లో గృహప్రవేశ ప్రార్థన ఉంది. అప్పటికే రెండుసార్లు కబురు వచ్చింది.

"దేవుడు తప్పక మార్గం తెరుస్తాడు బాబూ, వచ్చే ఆదివారం కూర్చుని మాట్లాడుకుందాం" అని తల మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేశాం. కళ్లు తెరిచేసరికి అతను మా చేతి గడియారం వైపు చూస్తున్నాడు. "ఫరవాలేదయ్యగారూ, మీరు మూడుసార్లు టైము చూశారు. వెళ్లిరండి" అన్నాడు. కోపంగా అనలేదు. వందనాలు చెప్పి వెళ్లిపోయాడు.

తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మాటల్లో అతను చెప్పిన సందు గుర్తుపెట్టుకుని ఆ హాస్టలుకు వెళ్లాం. మేనేజరు మంచివాడే. రిజిస్టరు తీసి, "పేరు చెప్పండి సార్" అన్నాడు.

మేము పేరు అడగలేదు.

పొలం సంగతి తెలుసు, అమ్మ సంగతి తెలుసు. పేరు తెలియదు. "ఈ నెలలో చాలామంది ఖాళీ చేశారండీ, ఎవరని చెప్పను?" అన్నాడతను. గేటు దగ్గర కాసేపు నిలబడి తిరిగి వచ్చేశాం. ముప్పై ఏళ్లకు దగ్గరగా తప్పిపోయిన గొర్రె ఉపమానం మీద ప్రసంగాలు చేసిన నోటికి ఆ రోజు మాట రాలేదు.

దారిలో ఆగిన ప్రభువు

మార్కు సువార్త 5వ అధ్యాయం అప్పటి నుంచి మమ్మల్ని వదలడం లేదు. సమాజమందిరపు అధికారి యాయీరు కుమార్తె చావు బతుకుల్లో ఉంది. యేసు బయలుదేరాడు. అంతకంటె అత్యవసరమైన పని ఉంటుందా? దారిలో, 12 సంవత్సరాలుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ ఆయన వస్త్రం ముట్టింది. వెంటనే స్వస్థత కలిగింది. పని అయిపోయింది కదా, ప్రభువు సాగిపోవచ్చు. కాని ఆయన ఆగాడు. తనను ముట్టినదెవరని చుట్టూ చూశాడు. శిష్యులు విసుక్కున్నారు. ఆమె వణుకుతూ వచ్చి ఆయన ఎదుట సాగిలపడి జరిగిందంతా చెప్పిందని మార్కు రాస్తాడు. 12 సంవత్సరాల బాధ, వైద్యుల చేతుల్లో పోయిన డబ్బు, జనం మధ్యకు రాలేని బతుకు. అది ఒక్క నిమిషంలో అయ్యే మాటా? యాయీరు పక్కనే నిలబడి ఉన్నాడు. ప్రభువు అంతా విన్నాడు. విని ఆమెను 'కుమారీ' అని పిలిచాడు.

సెమినరీలో మాకు రెండు గ్రీకు మాటలు నేర్పారు. గడియారం కొలిచే కాలం 'క్రోనోస్'. దేవుడు తెరిచే అదను 'కైరోస్'. ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో కాలాన్ని సద్వినియోగం చేసుకోవాలని చెప్పిన చోట పౌలు వాడింది ఈ రెండవ మాటే. దానితో వాడిన క్రియ సంతలో వెల చెల్లించి విడిపించుకోవడాన్ని తెలిపే మాట. అదను ఉచితంగా దొరకదు, దానికి వెల ఉంది. ఆ ఆదివారం మేము చెల్లించవలసిన వెల ఎంత? గృహప్రవేశానికి అరగంట ఆలస్యం, ఆ ఇంటివారి ముందు ఒక క్షమాపణ. అంతే. ఆ కాస్త వెల చెల్లించలేక ఒక ఆత్మను జారవిడిచాం.

యాయీరు సంగతేమిటని మీరడగవచ్చు. నిమ్స్ వరండాల్లో చాపలు పరుచుకుని రోజుల తరబడి ఎదురుచూసే బంధువులను పరామర్శించే మాకు ఆ ప్రశ్న బరువు తెలుసు. ప్రభువు ఆగిన ఆ కొద్దిసేపట్లోనే కుమార్తె చనిపోయిందన్న కబురు వచ్చింది. భయపడవద్దని, నమ్మిక మాత్రం ఉంచమని ఆయన ఆ తండ్రికి చెప్పి, అతనితో కలిసి ఆ ఇంటికి నడిచాడు. రోగులందరూ ఇదే లోకంలో లేచి కూర్చుంటారని మేము చెప్పలేం. ఒకరి కోసం ఆగిన ప్రభువు మరొకరిని మరచిపోడని మాత్రం చెప్పగలం. మనకు ఆలస్యమనిపించిన గడియలో కూడా ఆయన మన పక్కనే నడుస్తున్నాడు.

నక్షత్రాన్ని వెంబడించే గడియారం

సాయంత్రం తిరిగి బేగంపేటలో దిగి అమీర్‌పేట వైపు నడిచాం. దారిలో ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం ఆవరణ వస్తుంది. దాని చిరునామాలో 'నిజామియా అబ్జర్వేటరీ' అన్న మాట ఇప్పటికీ ఉంది. ఎందుకో పిల్లలకు తెలియదు. బయట నిలబడి చెప్పాం.

నవాబు జఫర్ జంగ్ అనే ఆయన ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి 1901లో నక్షత్రశాల స్థాపించాడు. 1907లో ఆయన మరణించాక నిజాం ప్రభుత్వం దానిని తీసుకుని ఇక్కడికి మార్చింది. 1887లో పారిస్‌లో మొదలైన ఒక మహాప్రయత్నంలో, ఆకాశాన్నంతా ప్రపంచంలోని నక్షత్రశాలలు భాగాలుగా పంచుకుని ఫొటోలు తీశాయి. ఒక భాగం మన హైదరాబాదు వంతుకు వచ్చింది. పోకాక్, ఆయన తరువాత టి.పి. భాస్కరన్ వంటి సంచాలకుల కాలంలో లక్షలాది నక్షత్రాల స్థానాలు ఇక్కడ లెక్కగట్టి సంపుటాలుగా ప్రచురించారు. ఈ రోజు హాస్టళ్ల వెలుగుల్లో నక్షత్రాలు కనిపించని ఈ ప్రాంతంలోనే!

ఆ ఫొటోలు ఎలా తీసేవారో తెలుసా? మసక నక్షత్రం గాజు పలక మీద పడాలంటే టెలిస్కోపు నిమిషాల తరబడి దాని వైపే చూడాలి. కాని భూమి తిరుగుతూనే ఉంటుంది. నక్షత్రం పక్కకు జరిగిపోతుంది. అందుకని టెలిస్కోపుకు ఒక గడియారపు యంత్రం బిగిస్తారు. అది టెలిస్కోపును నక్షత్రంతోపాటు మెల్లగా తిప్పుతుంది.

ఆ మాట చెబుతూ మేమే ఆగిపోయాం. ఇన్నాళ్లూ మేము గడియారాన్ని ఒకరిని విడిచి మరొకరి దగ్గరకు వెళ్లడానికే వాడాం. ఇక్కడ గడియారాన్ని ఒక్క నక్షత్రాన్ని విడవకుండా చూడడానికి వాడారు.

147వ కీర్తనలో 3, 4 వచనాలు పక్కపక్కనే ఉంటాయి. మూడవ వచనంలో దేవుడు గుండె చెదిరినవారిని బాగుచేసి వారి గాయాలకు కట్టు కడతాడు. నాలుగవ వచనంలో ఆయన నక్షత్రాలను లెక్కపెట్టి అన్నిటికీ పేర్లు పెడతాడు. ఈ రెండింటికీ సంబంధమేమిటని ఎన్నోసార్లు ఆలోచించాం. ఆ సాయంత్రం అర్థమైంది. శాస్త్రవేత్తలు ఎంతో శ్రమకోర్చి నక్షత్రాలకు నంబర్లు ఇచ్చారు. దేవుడు పేర్లు పెట్టి పిలుస్తాడు. అన్ని కోట్ల నక్షత్రాల్లో ఒక్క పేరు మరువనివాడు, అమీర్‌పేట హాస్టలులో మూడవ మంచం మీద పడుకున్న కుర్రవాని పేరు మరచిపోతాడా?

గోడ మీది గడియారం

పోటీ ఫలితాలు చెప్పే ఆదివారం ఒక చిన్నపాప పుస్తకంలో చివరి పేజీ చూపించింది. మా చర్చి గడియారాన్ని కూడా రాసింది. 'ఎక్కడుంది' అన్న గడిలో ఇలా ఉంది: "వెనక గోడ మీద. పాస్టరుగారికి మాత్రమే కనిపిస్తుంది."

నిజమే. మీ చర్చిలో కూడా బహుశా అక్కడే ఉంటుంది. సంఘానికి వీపు వెనుక, కాపరికి కళ్లెదుట. ప్రసంగం మితిమీరకుండా అది మంచిదే. కాని ఆరాధన ముగిశాక కూడా కాపరి చూపు మనుషుల తలల మీదుగా ఆ గోడకే పోతుంటే, అది మంచిది కాదు.

పెద్దలతో మాట్లాడి ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట ఏ కార్యక్రమమూ ఒప్పుకోవడం లేదు. వేపచెట్టు కింద రెండు బల్లలు వేసి కూర్చుంటున్నాం. చేతి గడియారం తీసి బైబిలు సంచిలో పెడుతున్నాం. ఎవరు వచ్చినా మొదట అడిగేది పేరు. కొన్ని ఆదివారాలు ఎవరూ రారు. ఊరికే కూర్చుంటాం. అది కూడా ప్రార్థనే అని నేర్చుకుంటున్నాం.

ప్రియ చదువరీ, మీరు కాపరి కాకపోవచ్చు. కాని మీ ఇంట్లో "రెండు నిమిషాలు మాట్లాడాలి" అని ఆగిన కొడుకు, కూతురు, భార్య, ముసలితండ్రి ఎవరో ఉండే ఉంటారు. వారి మాట మధ్యలో మీ చూపు ఎటు పోతోంది? ఆహాజు గడియారం మీద నీడ ఒక్కసారి వెనక్కి నడిచింది. మన గోడ మీద ముల్లు నడవదు. దినాలను లెక్కించడం నేర్పమని మోషే 90వ కీర్తనలో దేవుని అడిగింది ఇందుకే. ఎన్ని మిగిలాయో తెలుసుకోవడం కన్నా, ఉన్నవాటిని జ్ఞానంతో ఎవరికి ఇవ్వాలో నేర్చుకోవడం ముఖ్యం.

చివరగా ఒక మాట. ఆ తమ్ముడు ఏ ఊళ్లో ఉన్నాడో మాకు తెలియదు. ఈ పేజీ అతని కంట పడుతుందేమోనన్న ఆశతో రాస్తున్నాం. బాబూ, ఆ రోజు నీ మాట పూర్తిగా వినలేదు. మమ్మల్ని క్షమించు. ఇంట్లో నిజం చెప్పడానికి భయపడకు. పొలం కన్నా నువ్వే ఎక్కువని మీ అమ్మా నాన్నా తప్పక అంటారు. నీ పేరు మేము అడగలేదు గాని, నక్షత్రాలకు పేర్లు పెట్టినవాడు దానిని ఎరిగినవాడే. ఏ ఆదివారం వచ్చినా సరే, వేపచెట్టు కింద బల్ల ఉంది. ఈసారి మా చేతికి గడియారం ఉండదు.

దారిలో ఆగి విన్న ప్రభువు, ఆగి వినే మనసు మనకందరికీ అనుగ్రహించును గాక! ఆమేన్.